చక్రాలకు పెట్టిన మెరుగు

1962 అక్టోబరు 10, బుధవారం

నిన్న సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర నా తమ్ముడు వీరాచారి లారీ కింద పడి చనిపోయాడు. వయసు ఇరవై ఎనిమిది. మలేరియా శాఖలో ఇన్‌స్పెక్టరు. దసరా సెలవు అయిపోయి మోటారుసైకిలు మీద నల్లగొండ నుంచి చౌటుప్పల్‌కు డ్యూటీకి పోతున్నాడు. నల్లగొండ రోడ్డు పెద్ద రోడ్డులో కలిసేచోట ఆగాలి. ఆగలేదు.

చాలా ఏళ్లుగా ఇలాంటి వార్తలు రాస్తున్నాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా. పైన రాసినదాంట్లో ఎలా అన్నది లేదు.

అక్టోబరు 11

లారీ డ్రైవరు సాయిలు పారిపోలేదు. స్టేషను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను ఎవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"హారన్ కొట్టిన సారూ. ఆయన నన్ను చూసిండు. చూసి రెండు కాళ్లు నేలకు తన్నిపెట్టిండు. చెప్పు ఊడి అవుతల పడ్డది. కాళ్లతోని బండి ఆపుతరా ఎవరన్న? బ్రేకు పడకుంటెనే గట్ల చేస్తరు."

ఆ చెప్పు నాకు ఇచ్చారు. ఎడమ కాలిది. మడమ దగ్గర తోలు ఒరుసుకుపోయి ఉంది. సాయిలు చెప్పినది నిజం.

ఇంటికి తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలియక సైకిలు పక్కన పెట్టాను. రామమ్మ చూసింది. వీరు భార్య. వీరాచారిని ఇంట్లో వీరు అనే పిలుస్తాం. పెళ్లయి మూడేళ్లు. చెప్పు తీసుకుని కడిగి ఎండలో పెట్టింది.

అక్టోబరు 13

తెలిసినవి వరుసగా రాసుకుంటే తప్ప తల పనిచేయడం లేదు.

బండి మిలిటరీ వేలంలో కొన్నది. కొన్నప్పుడు చక్రాలకు కూడా పచ్చ రంగే. ఒకచోట గీకితే లోపల నికెలు పూత కనిపించింది. ఆ రంగంతా గీకి తీసింది నేనే. మాది చండూరు కంచరి ఇల్లు. నాయిన పోయాక కొలిమి వదిలేసి పేపరు పనిలో పడ్డాను, వీరును చదివించాను. కానీ లోహం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. వాడు సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ రెండు చక్రాలు నా వంతు.

పోయిన శనివారం ఆజం రెండు చక్రాలకూ కొత్త బ్రేకు షూలు వేశాడు. బస్టాండు ముందర రిపేరు షాపు అతనిదే. ఆదివారం వీరు పానగల్లు దాకా నడిపి వచ్చి బ్రేకు బాగా పడుతోందన్నాడు. సోమవారం దసరా. బండి వాకిట్లోనే ఉంది. పొద్దున నేను కడిగి చక్రాలకు మెరుగు పెట్టాను. రామమ్మ పసుపు, కుంకుమ పెట్టింది. మంగళవారం వాడు బయలుదేరాడు.

మెరుగు అంటే జల్లించిన బూడిద, చింతపండు గుజ్జు, నీళ్లు, పొడి గుడ్డ. ఇటుక పొడి వాడలేదు. నికెలు మీద గీతలు పడతాయి. చివరగా ఆముదం గుడ్డ. మా ఇంట్లో ఏ లోహానికైనా ఆముదం గుడ్డ తగిలితేనే పని అయినట్టు. నాయిన చేసిన బిందె ఆముదం తగలకుండా గడప దాటేది కాదు. బండికి స్టాండు వేసి, చక్రం తిప్పుకుంటూ, రిమ్ముకూ పుల్ల పుల్లకూ నడిమి హబ్బు దాకా పట్టించాను. సీసా రామమ్మ తెచ్చిచ్చింది.

వీరు వంగి చూసి, "అన్నా, చక్రంల మొకం కనిపిస్తాంది. గడ్డం గీసుకోవచ్చు," అన్నాడు.

"ఆమెకు గూడ చూపెట్టు," అన్నాను.

"ఆమె చూస్తే చక్రం అద్దం లెక్క పలుగుతది," అన్నాడు. రామమ్మ తడిగుడ్డ వాడి మీదికి విసిరింది.

సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. ఇంకో రెమ్మ బండి హ్యాండిలుకు దోపాడు.

వీటన్నిటినీ బట్టి తేలేది ఒక్కటి. బండి మీద చివరగా పనిచేసిన వాడు ఆజం.

అక్టోబరు 14

స్టేషనుకు వెళ్లాను. ఎస్సైని ఇక్కడివాళ్లు ఇంకా అమీన్ సాబ్ అనే అంటారు. ఈయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఏడాది.

"పత్రికలవారు, మీకు నేను చెప్పాలా? మీ అనుమానం ఎవరి మీదో ఒక అర్జీ రాసివ్వండి. మిగతాది మేం చూసుకుంటాం."

"అనుమానం కాదు. బండి మీద చివరగా పనిచేసిన వాడు ఆజం," అన్నాను.

"ఆ ముక్కే రాయండి."

రాసిచ్చాను.

అక్టోబరు 15

ఆజంను తీసుకొచ్చారు. నేను వరండాలో ఉన్నాను. అతని చేతులకు నల్ల జిడ్డు ఇంకా ఉంది, కడుక్కోనివ్వలేదు. షూలకు గిరీజు పూశావా అని ఎస్సై అడిగితే నా వైపు తిరిగాడు.

"గిరీజు బేరింగులకు పెడ్త చారి సాబ్, సెనగ గింజంత. షూలకు నేనెందుకు పెడ్త? పాగల్‌నా?"

నేను అతని చేతుల వైపు చూశాను.

"వీరు భాయి నా దుకాణంల చాయ్ తాగకుండ పోయిండా ఎన్నడన్న?"

కానిస్టేబులు లోపలికి నడవమన్నాడు.

అక్టోబరు 17

వార్త అచ్చయింది. మూడో పేజీ. 'మెకానిక్ నిర్లక్ష్యానికి యువ ఉద్యోగి బలి.' శీర్షిక డెస్కు వాళ్లది. కింద ఆరు లైన్లు నావి. బండి మీద చివరగా పనిచేసిన మెకానిక్ ఆజం అని పేరు వేశాను. మృతుడు ఈ పత్రిక విలేకరి తమ్ముడని వేయలేదు. వేయకపోవడమే పద్ధతి.

రామమ్మ చదివించుకుంది. రెండోసారి చదవమంది.

అక్టోబరు 24

చైనా సరిహద్దులో యుద్ధం. జిల్లా వార్తలు పంపొద్దని హైదరాబాదు నుంచి తంతి వచ్చింది. పంపడానికి ఏమీ లేదు కూడా.

అక్టోబరు 27

బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి స్టేషను ఆవరణలో బండి చూశాడు. పంచనామాకు నేనూ వెళ్లాను. ముందు చక్రం వంగి ఎనిమిది అంకెలా ఉంది. వెనక చక్రం బాగానే ఉంది. బ్రేకు డ్రమ్ములు రెండూ విప్పాడు. రెండింటిలోనూ జిడ్డు. షూల లైనింగు నానిపోయి ఉంది.

"ఇట్లుంటే ఎద్దునన్న ఆపొచ్చు గాని దీన్ని ఆపలేం. గిరీజు పూసిపెట్టిండు," అన్నాడు. షూలను కాగితంలో చుట్టి సీలు వేశారు. డ్రమ్ములు కిరోసిన్‌తో కడిగి బిగించారు.

"చూస్తారా?" అని ఎస్సై అడిగాడు. నేను అరుగు మీద నుంచి దిగలేదు. రిపోర్టు నకలు ఇస్తారు, అది చాలు.

నవంబరు 2

ఆజం భార్య అజీజా బేగం వచ్చింది. వాకిట్లోనే నిలబడింది. రామమ్మ పీట వేస్తే కూర్చోలేదు.

"భాయిసాబ్, మా ఆయన ఒక్క మాట అడిగి రమ్మన్నడు. పండుగ నాడు బండి ఎవరు కడిగిండ్రు?"

"నేనే."

"దేంతోని?"

"నీళ్లతో. బూడిద, చింతపండుతో."

"గంతేనా?"

"అంతే."

"సరే. గదే చెప్త." కొంగు సర్దుకుంది. "జమానతుకు మనిషి దొరకలే ఇన్నొద్దులు. పేపర్ల పేరు పడ్డదని అందరు పక్కకు జరుగుతున్నరు. రేపు మా అన్న వచ్చి ఇడిపిస్తడు. దుకాణం ముంగట బండి ఆపే మనిషి లేడు భాయిసాబ్. ఇరవై ఏండ్ల దుకాణం. మీది పోయిన పానం, దాని ముంగట ఇది ఎంత అంటరు. నిజమే. నేను గూడ అదే అనుకుంట."

రామమ్మ గుమ్మంలో నిలబడి నా వైపు చూస్తోంది.

నవంబరు 3

నేను అబద్ధం చెప్పలేదు. నీళ్లు నిజం. బూడిద నిజం. చింతపండు నిజం.

నవంబరు 19

రక్షణ నిధికి కలెక్టరు కచేరీలో ఆడవాళ్లు బంగారం ఇచ్చారు. రామమ్మ కమ్మలు ఇచ్చింది. నేను పంపిన వార్తలో ఆమె పేరు లేదు. అడగలేదు కూడా. ఈ నెలలో ఆమె నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. దుఃఖం.

డిసెంబరు 23

కోర్టు అడిగినప్పుడు తెస్తానని ముచ్చలికా రాసిచ్చి బండి తెచ్చుకున్నాను. ఎడ్లబండి మీద వచ్చింది. ముందు చక్రం విడిగా తాడుతో కట్టి ఉంది. జమ్మి రెమ్మ ఇంకా హ్యాండిలుకు ఉంది. ఆకులు లేవు.

వెనక చక్రం పుల్లలకు తుప్పు పట్టింది. రెండు నెలలు ఎండలో, మంచులో పడి ఉంది.

డిసెంబరు 30, ఆదివారం

చక్రాన్ని ఆ తుప్పుతో చూస్తూ ఉండలేకపోయాను. వీరు ఉంటే ఊరుకునేవాడు కాదు.

పొద్దున మొదలుపెట్టాను. బూడిద జల్లించాను. చింతపండు పిసికాను. ఒక్కో పుల్లా రెండు వేళ్ల మధ్య పట్టి పై నుంచి కిందికి రుద్దుకుంటూ వచ్చాను. పొడి గుడ్డతో తుడిచాను. తల ఎత్తేసరికి రామమ్మ ఆముదం సీసా నా పక్కన పెట్టి నిలబడి ఉంది. నేను అడగలేదు.

"పెట్టు బావా. ఆనాటి లెక్కనే పెట్టు," అంది.

పెట్టాను. స్టాండు మీద చక్రం తిప్పుతూ రిమ్ముకు, పుల్లలకు, హబ్బు దాకా. చక్రం తుప్పు లేకుండా తయారైంది. నా ముఖం కనిపించింది. నాయినకు నాలాగే గడ్డం మీద మచ్చ ఉండేది.

ఆమె అక్కడే నిలబడి చివరిదాకా చూసింది.

డిసెంబరు 31

తెల్లారి చూస్తే చక్రం కింద నేల మీద ఆముదం మరక. రిమ్ము కింద కాదు. హబ్బు కింద.

జనవరి 1, 1963

కొత్త సంవత్సరం. పేపరుకు ఏమీ పంపలేదు.

జనవరి 3

వెనక హబ్బు పక్కన ఉండే రేకు పళ్లెం విప్పాను. ఇది విప్పడం కష్టమేమీ కాదు, పానా ఉంటే చాలు. దీని వెనకే బ్రేకు డ్రమ్ము. కిరోసిన్‌తో కడిగి బిగించిన డ్రమ్ము ఇది, నా కళ్ల ముందే కడిగారు. ఇప్పుడు లోపల తడి. వేలు పెట్టి చూశాను. వాసన చూశాను.

పై పుల్లల నుంచి ఆముదం మెల్లగా హబ్బు మీదికి జారుతోంది. హబ్బు అంచు నుంచి ఆ పళ్లెం సందులోకి. ఒక రాత్రి నిలబెడితే చాలు. ఆ తర్వాత బండి నడిస్తే డ్రమ్ము వేడెక్కుతుంది. వేడికి ఆముదం పలచబడి పాకుతుంది. ఊళ్లో బ్రేకు పడుతుంది. నార్కట్‌పల్లి చేరేసరికి పడదు.

ఇది వెనక చక్రం మాత్రమే. ముందు చక్రం సంగతి నాకు తెలియదు. అది వంగిపోయింది, పరీక్షించడానికి లేదు. ఒక్క ఆధారం మీద వార్త రాయకూడదని కొత్త విలేకరులకు నేనే చెబుతాను. ఆజం గిరీజు కూడా పెట్టి ఉండవచ్చు. రెండూ కలిసి ఉండవచ్చు. బిందెకు లోపల డ్రమ్ము ఉండదు కదా, నాయిన పద్ధతిలో తప్పు లేదు.

పళ్లెం మళ్లీ బిగించాను.

జనవరి 5

పండుగ నాడు ముందు చక్రానికీ అంతే పట్టించాను. అదే సీసా, అదే గుడ్డ.

జనవరి 12

బస్టాండు హోటల్లో ఆజం ఎదురయ్యాడు. నేను వెనక్కి తిరిగేలోపే కుర్చీ జరిపాడు.

"కూసో చారి సాబ్. నాతోని చాయ్ తాగితే నీ కేసు పాడైతదా?"

కూర్చున్నాను. బాగా చిక్కిపోయాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. అవి అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

"నీ మీద గుస్సా లేదు. తమ్ముడు పోయిండు. ఎవని తప్పో ఒకని తప్పు గావాలె. నాదైతే సులువు."

"దుకాణం తెరిచావా?"

"తెరిచిన. ఒక్కడొచ్చిండు, తాసీల్ జవాను. స్కూటర్‌కు షూలు ఏసిన. ఏసి విప్పిన. మళ్ల ఏసిన. మళ్ల విప్పిన. ఆయన నవ్వి, మెకానిక్ సాబ్, ఏస్తున్నవా, చదువుతున్నవా అన్నడు." అతనూ కొంచెం నవ్వాడు. "చెయ్యి మీద యకీన్ పోయింది సాబ్. ఆ శనివారం గుడ్డకు గిరీజు అంటిందేమో, నేను చూసుకోలేదేమో. రోజూ అదే సోంచాయిస్తున్న. మొదలు నేను పెట్టలే అన్న. ఇప్పుడు పెట్టిన్నేమో అనిపిస్తాంది. పెట్టనిది పెట్టినట్టు కలల గూడ కనిపిస్తాంది."

చాయ్ వచ్చింది. అతను సాసరులో పోసుకున్నాడు.

"వకీలు ఒప్పుకొమ్మన్నడు. ఒప్పుకుంటే మెజిస్ట్రేటు జర తక్కువ ఏస్తడట. సాక్షులు గూడ అక్కర ఉండదట. నువ్వు బోనెక్కే తక్లీఫ్ ఉండదు నీకు. ఇరవై ఒకటి నాడు ఒప్పుకుంట."

"తొందరపడకు," అన్నాను.

"ఎందుకు?"

చాయ్ చల్లారిపోతోందని చెప్పాను.

జనవరి 13

బండి మీద చివరగా పనిచేసిన వాడు

జనవరి 16

ఆజం ఒప్పుకుంటే సాక్ష్యం ఉండదు. నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఎవరూ అడగకపోతే నేను అబద్ధం చెప్పినట్టు కాదు.

పై మూడు వాక్యాల్లో మూడోది కొట్టేయాలి. కొట్టేస్తే కింద ఏం రాయాలో తెలియడం లేదు.

జనవరి 20, ఆదివారం

పొద్దున రామమ్మ వాకిలి ఊడ్చి, చీపురు గోడకు ఆనించి, నా ఎదురుగా అరుగు మీద కూర్చుంది. నా ముందు అలా కూర్చోవడం ఇదే మొదలు.

"బావా, రేపు కోర్టుకు నేను గూడ వస్త."

"నీకు సమను లేదు."

"లేకుంటేంది? ఆముదం సీసా తెచ్చిచ్చింది నేను. రెండుసార్లు. ఎవరన్న అడిగితే నేనేం చెప్పాలె?"

చేతిలో పేపరు ఉంది. మడిచి పక్కన పెట్టాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"అజీజమ్మ వచ్చిన నాడు. నువ్వు నీళ్లంటివి, బూడిదంటివి, చింతపండంటివి. ఆముదం అనలే. ఇంట్ల బిందె తోమితే ఆముదం మొదలు అడిగే మనిషివి. ఎందుకు అనలేదో అని సోంచాయించిన. ఆనుంచి అదే పని నాకు."

"అప్పుడు నాకే తెలియదు రామమ్మా. ఒట్టు."

"తెల్వకుంటే ఎందుకు దాస్తవు?"

పక్కన పెట్టిన పేపరు మళ్లీ తీసుకున్నాను.

"మరి నువ్వు ఇన్ని రోజులు చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు చెప్తవని." చక్రం వైపు చూసింది. "చక్రం కాడ నిలబడ్డ నాడు గూడ అందుకే నిలబడ్డ. కింద మరక నీ కంటె ముందు నేను చూసిన. తుడువలే. నువ్వు చూడాలెనని."

పక్కింటి వాళ్ల కోడి వాకిట్లోకి వచ్చింది. అదిలించింది.

"ఆయన పోయిండు. ఆయన్ను నువ్వు చంపినవని నేనంట లేను. గసుంటి మాట నా నోట్ల రాదు. చేతుల పెట్టి పెంచినవ్. మంచిగ కనిపియ్యాలెనని పెట్టినవ్. గాని ఆ సాయిబు ఏం చేసిండు బావా? పేపర్ల పేరు రాస్తివి. అర్జీ రాస్తివి. ఇది గూడ రాయి."

"నన్ను పట్టుకుపోతారేమో."

"పట్టుకపోతరా?"

"తెలియదు."

"పట్టుకపోతే అన్నం తెచ్చిస్త," అని లేచి లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం వార్త రాశాను. ఆరు లైన్లు. మొదటి వాక్యం రాయడానికే చాలాసేపు పట్టింది. అక్టోబరు 9న నార్కట్‌పల్లి వద్ద మరణించిన వీరాచారి మోటారుసైకిలు మీద చివరగా పనిచేసిన వాడు మెకానిక్ ఆజం కాదు, మృతుని అన్న, ఈ పత్రిక విలేకరి లక్ష్మణాచారి. తర్వాతి లైన్లలో ఆముదం ఎలా దిగుతుందో ఉంది. డెస్కు వేస్తుందో లేదో. యుద్ధం ఆగి రెండు నెలలైంది, జాగా ఉంటుంది.

కవరు సాయంత్రం బస్సుకు ఇచ్చాను. కండక్టరు తీసుకున్నాడు. ఇక అది నా చేతిలో లేదు.

రామమ్మ సీసాకు గుడ్డ చుట్టి సంచిలో పెట్టింది. వెనక చక్రం పళ్లెం విప్పి నేనూ పెట్టాను. తడి ఇంకా ఉంది.

రేపు ఉదయం ఎనిమిదికి ఆజం ఇంటికి. అక్కడి నుంచి అతని వకీలు దగ్గరికి. పదిన్నరకు మెజిస్ట్రేటు కోర్టు. మొదట ముద్దాయిని అడుగుతారు, తప్పు ఒప్పుకుంటావా అని. సాక్షులను పిలిచేది ఆ తర్వాతే.